స్వతంత్ర పంక్ సంస్థ, కేరాఫ్ నాన్న

తిరుపతిలో ఒక స్వతంత్ర పంక్ రాక్ రికార్డ్ లేబుల్ ఉంది. పంక్ అంటే అధికారాన్ని తిడుతూ గట్టిగా వాయించే రాక్ సంగీతం, లేబుల్ అంటే ఆ పాటలు రికార్డు చేసి అమ్మే కంపెనీ. ఉన్న సంగతి ఊరికి తెలియదు, అది వేరే విషయం. దాని యజమానిని, మేనేజర్ని, ప్యాకింగ్ సెక్షన్‌ని నేనే. పేరు మాత్రం చెప్పను, మా బంధువుల్లో చదివే అలవాటున్నవాళ్లు ఇంకా ఇద్దరు ముగ్గురు మిగిలారు. ఆఫీసు కొర్లగుంటలో మా ఇంటి మేడమీద, వాటర్ ట్యాంకు పక్క గది.

ముందు స్వతంత్రం అంటే ఏమిటో చెప్పాలి. పెద్ద కంపెనీల డబ్బు ముట్టం, పెద్ద కంపెనీల మాట వినం, ఎవరికీ జవాబు చెప్పం. గది మా నాన్నది. కరెంటు మీటరు మా నాన్న పేరున ఉంది. సీడీల పెట్టెలు రేణిగుంట స్టేషన్ నుంచి మోసుకొచ్చిన స్కూటరు మా నాన్నది. రాత్రి తొమ్మిదిన్నరకు డ్రమ్స్ ఆపమని మెట్ల మీద నిలబడి గట్టిగా దగ్గేది కూడా ఆయనే. ఈ నాలుగూ పక్కన పెడితే మేము సంపూర్ణ స్వతంత్రులం.

నవ్వేవాళ్లు కాస్త చరిత్ర చదవాలి. 1977 జనవరిలో మాంచెస్టర్‌లో బజ్‌కాక్స్ అనే బ్యాండు ఏ కంపెనీ గడపా తొక్కకుండా సొంతంగా రికార్డు వేసుకుంది. ఇంగ్లండ్‌లో స్వతంత్ర పంక్‌కు టెంకాయ కొట్టింది వాళ్లేనని చెప్పుకుంటారు. అందుకు 500 పౌండ్లు అప్పు చేశారు. అప్పిచ్చినవాళ్లలో బ్యాండు కుర్రాడు పీట్ షెల్లీ వాళ్ల నాన్న ఉన్నాడు. లాస్ ఏంజెలెస్‌లో ఎపిటాఫ్ లేబుల్ పెట్టిన బ్రెట్ గురెవిట్జ్ తొలి పెట్టుబడికి వాళ్ల నాన్న దగ్గరే చెయ్యి చాచాడు. 1980లో వాషింగ్టన్‌లో డిస్కార్డ్ లేబుల్ మొదలుపెట్టిన కుర్రాళ్లు రికార్డుల అట్టలు తామే కత్తిరించి, మడతపెట్టి, జిగురు అంటించారు. వాటి మీద వేసిన అడ్రసు వాళ్లలో ఒకడైన ఇయన్ మకాయ్ అమ్మానాన్నల ఇంటిది. సరిగ్గా చదివితే ప్రపంచ పంక్ చరిత్ర అంతా కన్నవాళ్ల చరిత్రే.

ఈ సంగతులన్నీ ఒక సాయంత్రం మా నాన్నకు వివరించాను. ఆయన శ్రద్ధగా విని, "తిరిగిచ్చినారా?" అని ఒక్కటే అడిగాడు.

"1994లో ఎపిటాఫ్ వేసిన ఆఫ్‌స్ప్రింగ్ బ్యాండు ఆల్బమ్ కోటి కాపీలు దాటింది నాన్నా," అన్నాను.

"కంపెనీ పెట్టిన ఎన్నేళ్లకు?"

లెక్కేస్తే పద్నాలుగు తేలింది. రాముడికీ అంతే పట్టిందని సర్దిచెప్పబోయాను. రాముడు దశరథుణ్ణి పెట్టుబడి అడగలేదన్నాడు.

ఇక కచేరీల సంగతి. తిరుపతిలో హాళ్లకు కొదవ లేదు, కానీ ఎక్కువ భాగం కళ్యాణ మండపాలే. ఫోన్ చేస్తే మేనేజరు అడిగే మొదటి ప్రశ్న, మగపెళ్లివారా ఆడపెళ్లివారా అని. ముహూర్తాల్లో అద్దె వింటే ఎంతటి అరాచకవాదికైనా ముచ్చెమటలు పోస్తాయి. అందుకని మేము మూఢంలో పెట్టుకుంటాం. గురుమూఢం, శుక్రమూఢం, ఆషాఢం, పుష్యం, ఎప్పుడు శుభకార్యాలు ఉండవో అప్పుడు మండపం ఖాళీ, అద్దె సగానికి సగం. వ్యవస్థను ధిక్కరించే మా సంస్థ ఏడాది కార్యక్రమం మొత్తం పంచాంగం చూసి ఖరారు చేస్తుంది. ఉగాదికి కొత్త పంచాంగం రాగానే అందరూ రాశిఫలాలు తిప్పితే మా డ్రమ్మర్ మూఢాల పేజీ తిప్పుతాడు.

కిందటి ఆషాఢంలో ఒకటి చేశాం. స్టేజీ మీద వధూవరుల ఎర్ర వెల్వెట్ సింహాసనాలు రెండున్నాయి. జరపబోతే జరగలేదు, ఇనుపవి. పాటగాడు ఆ రెండింటి మధ్య నిలబడి రాజ్యాన్ని తిడుతూ పాడాడు. వెనక గోడకు ఎప్పటిదో పెళ్లి తాలూకు థర్మాకోల్ హంసలు, వాటి ముక్కుల మధ్య సగం ఊడిన ‘శుభమస్తు’. నలభై మంది వచ్చారు. రెండో పాటలో పదిహేను మంది లేచి డైనింగ్ హాలు వైపు వెళ్లి, అక్కడ ఏమీ వండలేదని తెలుసుకుని తిరిగొచ్చారు. ఆ తర్వాత వాళ్ల కేకల్లో వినిపించిన ఆగ్రహం మాత్రం సిసలైన పంక్ ఆగ్రహం. రికార్డు చేసి ఉంటే బాగుండేది.

పంక్‌కు వేషం కూడా ముఖ్యమే, చూసినవాళ్లు ఉలిక్కిపడాలి. మా గిటారిస్టు తల రెండు పక్కలా గొరిగించుకుని నడిమధ్య కోడిపుంజు జుట్టులా నిలబెట్టుకున్నాడు. రోజూ వేల గుండ్లు తిరిగే ఊళ్లో ఎవడు ఉలిక్కిపడతాడు? ఆర్టీసీ బస్టాండులో ఒక పెద్దావిడ వాణ్ణి ఆపి, "మొక్కు సగంలో ఆపకూడదు నాయనా, కళ్యాణకట్టలో రాత్రిపూట కూడా తీస్తారు, పైకి పో," అని చెప్పి, చిల్లర లేదేమోనని బస్సుకు పది రూపాయలు కూడా ఇవ్వబోయింది. పాటగాడు చెవికి పిన్నీసు గుచ్చుకున్నాడు. మా అమ్మ గాజులకు ఎప్పుడూ నాలుగు వేలాడుతుంటాయి, ఆమెకు అందులో వింతేమీ కనబడలేదు. చీర కుచ్చిళ్లు జారితే ఆ అబ్బాయి చెవి దగ్గర్నుంచే తీసుకుంది.

అయినా మా నడుం విరగ్గొట్టింది గంగమ్మ జాతర. 1976 డిసెంబరు 1న లండన్‌లో సెక్స్ పిస్టల్స్ అనే బ్యాండు టీవీలో నాలుగు బూతులు మాట్లాడింది. మర్నాడు పేపర్ల నిండా అదే, దేశం కొంప మునిగినంత గోల. ఆ నాలుగు మాటల మీద ఒక ఉద్యమం ఇన్నేళ్లు బతికేసింది. మా తాతయ్యగుంట గంగమ్మకు మే నెలలో జాతర చేస్తారు. చాటింపు వేశాక రోజుకో వేషం. బైరాగి వేషానికి ఒళ్లంతా నాము పూత, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు. మీసాలున్న మగాళ్లు చీర కట్టి, పూలు పెట్టి, గుడికి వెళ్తారు. బూతులు తిట్టడం అక్కడ మొక్కు. గంగమ్మకు జడిసి ఎక్కడో దాక్కున్న పాలెగాణ్ణి, అంటే అప్పట్లో ఊరిని ఏలిన దొరను, బయటికి రప్పించడానికి తిట్టాలని ఊరి నమ్మకం. అంటే రాజ్యాధికారాన్ని నడివీధిలో బూతులు తిట్టే పని లండన్ కంటే ఎంతో ముందే మేము మొదలుపెట్టాం, పైగా పసుపు కుంకుమలతో, ఇంటిల్లిపాదీ.

కొత్త ఆల్బమ్ పాటలు రాసుకుంటున్న రోజుల్లో బ్యాండుతో సహా జాతరకు వెళ్లాను. గుడి వీధి మలుపులో బండ వేషం కట్టిన ఒక పెద్దాయన, వేపమండ చేతపట్టి, మా పాటగాణ్ణి పైనుంచి కిందికి చూసి తిట్టడం మొదలుపెట్టాడు. ఊపిరి తీసుకోలేదు. మాట మీద మాట, ప్రాస తప్పలేదు, చెప్పిన తిట్టు మళ్లీ చెప్పలేదు. వీధి వీధంతా చప్పట్లు. అయ్యాక మావాడు జేబులోంచి పెన్ను తీసి, "తాతా, మూడోది ఇంకొక్కసారి చెప్పవా?" అని దండం పెట్టాడు. ఆయన మావాడి నుదుట కుంకుమ పూసి, రేపు తోటి వేషం, పొద్దున్నే రమ్మన్నాడు. వాడు వెళ్లాడు కూడా. ఆ వారం రిహార్సల్ జరగలేదు.

ఆదాయం గురించి క్లుప్తంగా ముగిస్తాను, అది ఎలాగూ క్లుప్తమే. ఒక పెద్ద స్ట్రీమింగ్ కంపెనీ 2024 నుంచి కొత్త నియమం పెట్టింది, ఒక పాటను ఏడాదిలో కనీసం 1000 సార్లు వినకపోతే దానికి పైసా రాదు. మా పాటల్లో ఎక్కువసార్లు విన్నది 212. అందులో మా నాయనమ్మ ఫోను వాటా పెద్దది. పాట ఆపడం ఆవిడకు చేతకాదు.

ఇక సీడీలు. మూడు వందలు వేయించాం, రెండేళ్లలో పంతొమ్మిది పోయాయి. మిగతావి మంచం కింద. మంచి సరుకు వెంటనే అమ్ముడుపోదని మా నాన్నకు ఉదాహరణతో సహా చెప్పాను. అన్నమయ్య 32,000 సంకీర్తనలు రాశాడంటారు. వాటిని తాళ్లపాక వారు రాగిరేకులకు ఎక్కించి కొండ మీద గుడిలో అరలో దాచారు. వందల ఏళ్లు ఎవరూ పట్టించుకోలేదు, ఇరవయ్యో శతాబ్దంలో గదా లోకానికి తెలిసింది అన్నాను.

"అవి రాగివి రా," అన్నాడు నాన్న. ఆ ముక్కకు నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

అలా ఉండగా కిందటి వేసవిలో సంస్థ చరిత్రలోనే అతిపెద్ద ఆర్డరు వచ్చింది. బంగారుపాళ్యం దగ్గర మా మేనమామకు తోతాపురి తోట ఉంది. ఫోన్ చేసి, "మీ అమ్మ చెప్పింది, నీ దగ్గర సీడీలుండాయంట గదా, నూరు పంపిచ్చు," అన్నాడు. నాకు నోట మాట రాలేదు. పల్లెకు పంక్ చేరిందని బ్యాండుకు మెసేజ్ పెట్టాను. స్కూటరు మీద నేనే తీసుకుపోయాను. మామ డబ్బు ముందే లెక్కపెట్టి ఇచ్చి, నా కళ్లముందే ఒక్కో సీడీకి దారం కట్టి మామిడి కొమ్మలకు వేలాడదీయించాడు. ఎండ పడి తళతళమంటుంటే చిలకలు బెదిరి అటు రావంట.

నిజంగానే రాలేదు. పంట అయ్యాక మామ మళ్లీ ఫోన్ చేశాడు. ఈసారి నూట యాభై కావాలంట. ఒకే ఒక్క షరతు పెట్టాడు.

"పైన ఆ లేబులు అంటించొద్దురా అబ్బోడా. రెండు పక్కలా మెరవాల."