లల్ల వాక్కు, నంద రుషి శ్రుక్

శ్రీనగర్‌లోని కాన్పుల ఆసుపత్రికి లల్ దేద్ పేరు పెట్టారు. అక్కడి విమానాశ్రయానికి షేకుల్ ఆలం అని, అంటే కశ్మీరీలు నంద రుషిగా పిలుచుకునే షేక్ నూరుద్దీన్ బిరుదును పెట్టారు. లల్ల అని కూడా పిలిచే ఆమె 14వ శతాబ్దపు శైవ యోగిని. ఆయన ఆ శతాబ్దపు చివరి పాదంలో కైముహ్ గ్రామంలో పుట్టిన ముస్లిం సాధువు. పురిటిబిడ్డగా నూరుద్దీన్ తల్లిపాలు ముట్టకపోతే, అటుగా వచ్చిన లల్ల ‘పుట్టడానికి లేని సిగ్గు తాగడానికెందుకు?’ అని మందలించి తానే పాలిచ్చిందని ఐతిహ్యం. ఇది చరిత్రకు అందే సంగతి కాదు. అయినా తరతరాలుగా హిందువులూ ముస్లింలూ ఈ కథను చెప్పుకున్నారంటే, తమ సాధువులిద్దరినీ తల్లీబిడ్డలుగా చూడాలని ఆ సమాజం కోరుకున్నదన్నమాట.

ఈ ఇద్దరి ప్రస్తావన రాగానే మతసామరస్యం అనే ఒక్క మాటతో ముగించడం మనకు అలవాటైంది. 20వ శతాబ్దపు రాజకీయాల్లో ప్రచారంలోకి వచ్చిన ‘కశ్మీరియత్’ (కశ్మీరీల ఉమ్మడి సంస్కృతి) అనే పదం ఆ అలవాటును మరింత పెంచింది. నా అభ్యంతరం ఇక్కడే. లల్ల మాటల్లోని శ్వాస సాధన, శివశక్తుల ఏకత్వం నేరుగా కశ్మీర శైవం నుంచి వచ్చినవి. నూరుద్దీన్ ప్రవక్తను కీర్తించి, మృత్యువును తలచుకుని వణికిన నిష్ఠగల ముస్లిం. అటువంటివాడు ఒక పద్యంలో, పాంపోర్ ఊరి లల్ల అమృతం తాగిందనీ, దేవుడు తనకూ అలాంటి వరమే ఇవ్వాలనీ వేడుకున్నాడు. తన దారిని వదలకుండానే మరో దారిన నడిచిన స్త్రీ ముందు అంతగా తల వంచడం, దారులన్నీ ఒకటేనని చెప్పేయడం కన్నా ఎంతో కష్టమైన పని.

వారి మాట ఇన్ని శతాబ్దాలు నిలవడానికి, నా దృష్టిలో, భాషే ప్రధాన కారణం. పండితులు సంస్కృతంలో రాస్తూ, పాలకుల కొలువులో పారశీకం పెరుగుతున్న రోజుల్లో వీరిద్దరూ పొలాల్లోనూ వంటింట్లోనూ వినిపించే కశ్మీరీలోనే చెప్పారు. లల్ల చెప్పిన నాలుగు పాదాల పద్యం పేరు ‘వాఖ్’, మనం వాక్కు అనే మాటే. నూరుద్దీన్ చెప్పినది ‘శ్రుక్’, శ్లోకం అన్న మాటకు కశ్మీరీ రూపం. అత్తగారు లల్ల కంచంలో రాయి పెట్టి, దానిపై పలచగా అన్నం పరిచి, నిండుగా వడ్డించినట్టు చూపేదని చెబుతారు. ‘ఇంట్లో పొట్టేలును కోసినా గొర్రెను కోసినా లల్లకు రాయి తప్పదు’ అన్న సామెత ఆ కథలోదే. ఆకలిని ఇంత దగ్గరగా ఎరిగిన మనిషి మాటను అక్షరం రాని కోడళ్లు కూడా గుర్తుపెట్టుకోవడంలో ఆశ్చర్యం లేదు. ఆమె వాక్కులు శతాబ్దాలపాటు నోటి మీదే నడిచాయి. 1914లో బ్రిటిష్ భాషావేత్త గ్రియర్సన్ కోరగా పండిత ముకుందరామ శాస్త్రి వాటి కోసం వెతికినప్పుడు, గుష్ గ్రామంలో ఒక వృద్ధుడు చెబుతుంటే రాసుకోవలసి వచ్చింది. వాటిలో ఏవి అచ్చంగా ఆమెవో తేల్చడం అసాధ్యమే గానీ, ఒక మనిషి మాటలో జనం తమ మాటనూ కలిపి దాచుకోవడం కన్నా పెద్ద ప్రభావం ఏముంటుంది?

నూరుద్దీన్ మాట ఒకటి తెలుగువారికి అనువాదం లేకుండానే సగం అర్థమవుతుంది: ‘అన్న్ పోషి తెలి, యెలి వన్ పోషి’. వనం ఉన్నంత కాలమే అన్నం ఉంటుందని దాని భావం. ఆయన బాటలో నడిచిన ముస్లిం సాధువులు తమను రుషులనే పిలుచుకున్నారు. వారు మాంసం తినరనీ, పెళ్లాడరనీ, తమకు లాభం ఆశించకుండా పదిమందికీ ఉపయోగపడేలా పండ్ల చెట్లు నాటుతారనీ, అలాంటివారు సుమారు 2,000 మంది ఉన్నారనీ జహంగీర్ చక్రవర్తి తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు.

ఇంతటి వారసత్వం ఉన్న లోయ నుంచే 1990లో కశ్మీరీ పండితుల, అంటే అక్కడి హిందువుల కుటుంబాలు ప్రాణభయంతో వెళ్లిపోయాయి. 1995 మే నెలలో, మిలిటెంట్లకూ సైన్యానికీ మధ్య ప్రతిష్టంభన నడుస్తుండగా, చరారె షరీఫ్‌లోని నూరుద్దీన్ దర్గా కాలిపోయింది. సాధువుల పేర్లను రక్షరేకుల్లా వాడుకోవచ్చని నమ్మేవారు ఈ రెండు సంఘటనలకు జవాబు చెప్పలేరు. ఆ సాధువుల ప్రభావం అంతటితో ముగిసిందనేవారు కూడా తొందరపడుతున్నారు. దర్గాను మళ్లీ కట్టుకున్నారు. అనంతనాగ్‌లో రుషి సంప్రదాయానికే చెందిన బాబా హైదర్ రేషి ఉర్సు వచ్చినప్పుడు, మాంసం లేనిదే విందు ఉండని ఆ ప్రాంతంలో, ముస్లిం కుటుంబాలు ఇప్పటికీ ఆ రోజుల్లో మాంసం ముట్టవు.