ఖర్చు తగ్గిపోతోంది, కాపాడండి!

నా మిత్రుడొకాయన ఈ మధ్య ఫోను చేసి, ఇంట్లో ఖర్చు బాగా తగ్గిపోయిందని గద్గద స్వరంతో చెప్పాడు. ఖర్చు తగ్గడం శుభవార్త అనుకునే పాతకాలపు మనిషిని కనుక నేను అభినందించబోయాను. అవతల కాసేపు నిశ్శబ్దం. ఆ తర్వాత, మందబుద్ధికి ఎక్కాలు చెప్పే మాస్టారిలా ఆయన విషయం వివరించాడు. కొత్త క్రెడిట్ కార్డు మంజూరై అరవై మూడు రోజులైంది. తొంభై రోజుల్లో పెట్టవలసిన కనీస ఖర్చులో సగం కూడా పూర్తి కాలేదు. ఇలాగే పొదుపుగా బతికితే, ఆ ఖర్చు పూర్తిచేసిన కొత్తవారికి బ్యాంకు పాయింట్ల రూపంలో ఇచ్చే వెల్‌కమ్ బోనస్ పోతుంది, ఆ పాయింట్లతో తీసుకోదలచిన విమానం టికెట్టూ పోతుంది. వెంటనే ఒక ఎక్సెల్ షీటు పంపాడు. అందులో ఎర్రరంగు పులిమిన గడి ఒకటి ఉంది, దాని మీద ‘లోటు’ అని రాసి ఉంది. సంసారంలో లోటు అంటే చేతిలో డబ్బు చాలకపోవడమని మనం ఇన్నాళ్లూ పొరబడ్డాం. ఆయనకు చాలనిది ఖర్చు.

కార్డు పాయింట్లు పోగేసి విమానమెక్కే ఈ విద్యలో ఆరితేరినవారు దీనిని బడ్జెట్ అనే పిలుస్తారు. ఆ మాట వాడే హక్కు వారికి లేదని నేననను, ఎందుకంటే వారిలో ఉన్న క్రమశిక్షణ సన్యాసులలో కూడా నేను చూడలేదు. తొంభై రోజుల గడువును చాలా బ్యాంకులు కార్డు చేతికందిన రోజు నుంచి కాక, దరఖాస్తు మంజూరైన రోజు నుంచి లెక్కిస్తాయని వారికి తెలుసు. వార్షిక రుసుము ఆ కనీస ఖర్చులో కలవదనీ, కార్డుతో ఏటీఎంలో తీసిన నగదు కలవదనీ, కొన్న వస్తువును తిప్పి పంపితే ఆ మేరకు కోత పడుతుందనీ వారికి కంఠోపాఠం. అందుచేత వారు వచ్చే ఏడాది బీమా ప్రీమియాన్ని ఈ నెలలోనే చెల్లిస్తారు, ఆరు నెలల ఫోను బిల్లును ముందే కట్టేస్తారు, పాత ఫ్రిజ్ ఎప్పుడు మొరాయిస్తుందా అని దాని చుట్టూ ప్రదక్షిణలు చేస్తారు. ఇక ఇల్లాలి సంగతి. ఆమెను వారి పరిభాషలో ‘రెండో ఆటగాడు’ అంటారు. భర్త తన కార్డును భార్యకు సిఫారసు చేస్తాడు, సిఫారసు చేసినందుకు ఆయనకు కొన్ని పాయింట్లు, చేరినందుకు ఆమెకు కొన్ని పాయింట్లు. మరుసటి విడతలో ఆమె ఆయనకు సిఫారసు చేస్తుంది. ఒకే మంచం మీద పడుకునే ఇద్దరు మనుషులు ఒకరినొకరు బ్యాంకుకు పరిచయం చేసుకుంటూ ఉండే ఈ దాంపత్యం మీద వ్యాఖ్యానించే ధైర్యం నాకు లేదు.

నేను ప్రత్యక్షంగా చూసిన ఘట్టం ఒకటి మాత్రం చెప్పి తీరాలి. ఆ ఫోను వచ్చిన మూడు వారాలకు మిత్రుడి బాబాయిగారికి మోకాలి ఆపరేషన్ జరిగింది. కబురు తెలియగానే మిత్రుడు అడిగిన మొదటి ప్రశ్న “ఎంతవుతుందట?” అని. “ఎలా ఉన్నారట?” అనేది మూడో ప్రశ్న, రెండోది, ఆసుపత్రిలో కార్డు తీసుకుంటారా అని. మేము వెళ్లేసరికి బాబాయిగారి కొడుకు బిల్లింగ్ కౌంటరు ముందు చెక్కుపుస్తకంతో నిలబడి ఉన్నాడు. మిత్రుడు అతని చేతిని సున్నితంగా పక్కకు తోసి, “ఉండరా తమ్ముడూ, నేనుండగా నువ్వు కట్టడమేమిటి? నేను స్వైప్ చేస్తాను, నువ్వు తీరిగ్గా నా ఖాతాకు పంపు” అన్నాడు. తమ్ముడి కళ్లు చెమర్చాయి. ఈ కాలంలో ఇలాంటి అన్న ఎవరికుంటాడని నాతో అన్నాడు కూడా. తొందరపడకండి, చివరి బిల్లు డిశ్చార్జి నాడే వేస్తామని కౌంటరులోని అమ్మాయి చెప్పింది. డిశ్చార్జి ఎప్పుడని అడిగితే, ఇంకో వారం ఉంచుదామన్నారు డాక్టరుగారు. మిత్రుడు వేళ్ల మీద లెక్క వేసుకున్నాడు. తొంభై ఒకటో రోజు! డాక్టరుగారిని వరండాలో పక్కకు తీసుకుపోయి, రోగిని మరీ ఎక్కువ రోజులు మంచానికి కట్టిపడేయడం వల్ల కలిగే అనర్థాల గురించి ఒక పావుగంట సేపు విన్నవించాడు. ఆయన కరగలేదు. పోనీ, ఫిజియోథెరపీకి ఏడాది అడ్వాన్సు తీసుకుంటారా అని కౌంటరులో అడిగాడు. తీసుకోరట. చివరికి గదిలోకి వచ్చి, మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, దుప్పటి కింద రెండో కాలిని ఆప్యాయంగా నిమురుతూ, “బాబాయ్, పనిలో పనిగా ఈ మోకాలు కూడా చూపించుకోకూడదూ?” అన్నాడు.

దీనిని వింత అనుకుంటే ఈ విద్య చరిత్ర మీకు తెలియదన్నమాట. అమెరికన్ ఎయిర్‌లైన్స్ 1981లో, ప్రయాణించిన మైళ్లను పోగేసుకుని ఉచిత టికెట్టుగా మార్చుకునే మైళ్ల పథకం మొదలుపెట్టినప్పుడు, మైలు రావాలంటే మనిషి కనీసం విమానమైనా ఎక్కవలసి వచ్చేది. తర్వాత ఆ నియమం సడలింది. అమెరికా టంకశాల 2008లో డాలరు నాణేల వాడకాన్ని పెంచాలని, వాటిని ముఖ విలువకే, రవాణా ఖర్చు తానే భరించి ఇంటికి పంపే పథకం పెట్టింది. మన సాధకులు డబ్బాలకు డబ్బాలు కార్డు మీద తెప్పించుకుని, సీలు కూడా విప్పకుండా బ్యాంకుకు మోసుకుపోయి జమ చేసి, ఆ డబ్బుతోనే కార్డు బిల్లు కట్టారు. నాణేలు చలామణిలోకి రాలేదు, ఊరేగి వచ్చాయంతే. ఊరేగింపు ఖర్చు పన్నులు కట్టేవారిది, మైళ్లు వీరివి. 2011 జులైలో ఆ నాణేలను కార్డు మీద అమ్మడం ఆపేశారు. ఆ రోజుల్ని తలచుకుని నిట్టూర్చేవారు ఇప్పటికీ ఉన్నారు.

ఇంతవరకు నవ్వుకున్నాం. ఈ పాయింట్లకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుందని నేను అడిగితే, “బ్యాంకు ఇస్తుంది” అన్నాడు మిత్రుడు, బ్యాంకు ఏదో అన్నసత్రం నడుపుతున్నట్టు. కార్డు గీసిన ప్రతిసారీ దుకాణదారు రుసుము కట్టాలి. అందులో పెద్ద వాటా కార్డు ఇచ్చిన బ్యాంకుకు పోతుంది. దుకాణదారు దానిని ధరలో కలుపుతాడు. ఆ ధరే, ఏ కార్డూ లేక చేతిలోని నగదు లెక్కపెట్టి ఇచ్చే మనిషి కూడా చెల్లిస్తాడు. అతనికి పాయింట్లు లేవు, విమానాశ్రయంలో లాంజి లేదు. అమెరికాలో నగదుతో కొనే కుటుంబం ఒక్కొక్కటి కార్డు వాడే కుటుంబాలకు ఏటా సగటున 149 డాలర్లు సమర్పించుకుంటోందని బోస్టన్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు ఆర్థికవేత్తలు 2010లోనే లెక్కగట్టారు. ఇక వడ్డీ సంగతి వేరే ఉంది. బిల్లు పూర్తిగా కట్టలేక, ‘మినిమమ్ డ్యూ’ అనే ఆ ముద్దుపేరుకు మోసపోయి, కాస్త కట్టి మిగతాది వదిలేసినవాడికి వడ్డీ లేని గడువు కూడా పోతుంది. ఆ తర్వాత కొన్న ప్రతి వస్తువు మీదా కొన్న రోజు నుంచే వడ్డీ నడుస్తుంది. అమెరికాలో ఆ వడ్డీ సగటున 20 శాతం దాటిపోయింది. తక్కువ చదువుకున్నవారి నుంచి ఎక్కువ చదువుకున్నవారికి, పేదవారి నుంచి ఉన్నవారికి ఈ దారిన ఏటా సుమారు 1500 కోట్ల డాలర్లు మళ్లుతున్నాయని ఫెడరల్ రిజర్వ్ 2023లో వెలువరించిన పరిశోధనా పత్రం అంచనా వేసింది. సొమ్మొకడిది, సోకొకడిది అంటే ఇదే కదా! పిల్లవాడి ఫీజు కట్టలేక కార్డు గీసి, మూడేళ్లుగా ఆ బాకీకి వడ్డీ కడుతున్న మనిషి డబ్బుతో వీరు కాళ్లు చాపుకుని బిజినెస్ క్లాసులో పడుకుంటారు, పడుకుని, లేచి, ‘ఉచితంగా వచ్చాం’ అంటారు. ఉచితమట! సిగ్గులేని మాటలలో దీనిని మించినది నేను వినలేదు. పైగా ఆ అప్పులపాలైనవాడికి క్రమశిక్షణ లేదని వీరే ఉపన్యాసం ఇస్తారు. అతనికి క్రమశిక్షణ వచ్చిన మర్నాడు వీరి విమానం లేవదన్న సంగతి మాత్రం నోరు జారి కూడా అనరు.

నేను కొంచెం గొంతు పెంచినట్టున్నాను. క్షమించాలి.

మిత్రుడు గడువులోగా లోటు పూడ్చుకున్నాడు. బాబాయిగారి మోకాలితో కాదు. ఎనభై తొమ్మిదో రోజు రాత్రి, అవసరమో కాదో ఆలోచించే వ్యవధి లేక, ఫ్రిజ్ మార్చాడు. పాతది ఇంకా పనిచేస్తూనే ఉంది, వరండాలో. పాయింట్లు వచ్చిన వారానికే విమాన సంస్థ టికెట్టుకు కావలసిన పాయింట్లు పెంచింది. ఇద్దరికి సరిపోతాయనుకున్నవి ఒకరికి సరిపోయాయి; ఆ ఒక్క సీటు కూడా ఎవరూ ఎక్కని రుతువులో, రెండుచోట్ల విమానం మారే దారిలో, పదకొండు గంటల నిరీక్షణతో దొరికింది. పన్నులు, ఇంధనపు సర్‌చార్జీ నగదుగా కట్టాడు. రెండో ఆటగాడు ఇంట్లోనే ఉండిపోయింది.

నిన్న ఆయన నుంచి ఒక లింకు వచ్చింది. ఎక్కువ ఆలోచించవద్దని, ఈ ఆఫరు నెలాఖరు వరకేనని కింద రాశాడు. దానితో పాటు, పొరపాటున కావచ్చు, కొత్త ఎక్సెల్ షీటు కూడా జతచేశాడు. అందులో ‘రాబడి’ అన్న శీర్షిక కింద, బాబాయిగారి పేరు తర్వాత వరుసలో, నా పేరు ఉంది.