మా ఇంటి తేనెమైనం క్రీము డబ్బాకు బహిరంగ లేఖ

మహారాజశ్రీ క్రీము డబ్బా గారికి,

ఉభయకుశలోపరి. మీ మూత లోపల పచ్చగా బూజు కనబడుతోంది కాబట్టి మీ కుశలం మీద నాకు అనుమానమే. అయినా ఉత్తరం అన్నాక ఆ మాట రాయాలి కదా.

మీ ఒంటి మీద ‘నూటికి నూరు పాళ్లు సహజం’ అని చీటీ అతికించింది నేనే. ఆ చీటీలో అక్షరాలు గుండ్రంగా రావడానికి పడ్డ కష్టంలో సగం మీ తయారీ మీద పెట్టినా సరిపోయేది. మీ పెద్దన్నయ్య గుర్తున్నాడా? ఒక వంతు మైనానికి నాలుగైదు వంతుల నూనె పోయాల్సింది పోయి, సగానికి సగం పోశాను. చివరికి తయారైంది కొవ్వొత్తి, వత్తి ఒక్కటే తక్కువ. రెండోవాడిని నేరుగా మంట మీద పెట్టాను. 62 నుంచి 64 డిగ్రీలకే కరిగే మైనానికి అంత మంట ఎందుకని ఎవరూ అడగలేదు. ఇల్లంతా మాడు వాసన.

మీ వంతు వచ్చేసరికి బుద్ధి వచ్చి, వేడినీళ్ల గిన్నెలో చిన్న గిన్నె పెట్టి నిదానంగా కరిగించాను. అక్కడితో ఆగితే బాగుండేది. రెండో శతాబ్దపు వైద్యుడు గేలెన్ మైనం, నూనె, గులాబీనీరు కలిపి క్రీము చేశాడని చెబుతారు. ఆ ధైర్యంతో నేనూ కలబంద గుజ్జు కలిపాను. ఒట్టి నూనె, మైనం అయితే బూజుకు అంత సులువుగా చోటు దొరకదు. నీళ్లు చేరాయంటే ప్రిజర్వేటివ్ కావాలి. ‘అమ్మో, కెమికల్!’ అని వద్దన్నది నేనే. ఇప్పుడు వచ్చిన బూజు మాత్రం అచ్చంగా సహజం. మీ చీటీ అబద్ధం చెప్పలేదు.

మీకు తెలియనిది ఒకటుంది. మీలోని మైనాన్ని కూలి తేనెటీగ తన పొట్ట అడుగున ఉన్న 8 గ్రంథుల నుంచి సన్నటి పొరలుగా తీస్తుంది. అందుకోసం ఆ మైనం బరువుకు ఎన్నో రెట్లు తేనె తినాలి. ఆ కష్టాన్ని నేను ముచ్చటగా మూడుసార్లు చెత్తబుట్టలో వేస్తున్నాను. (మూడోది మీరే, క్షమించాలి.)

అప్పు తీర్చుకుందామని తోటలో ‘తేనెటీగలకు స్వాగతం’ అని బోర్డు పెట్టాను. దాని కింద ముద్దగా, రేకుల మీద రేకులున్న పూల మొక్కలు నాటాను. చూడముచ్చటగా ఉంటాయి గానీ, పుప్పొడి ఉండాల్సిన చోటా రేకులే. ఈగలు నిజంగా వాలే గడ్డిపూలను కలుపని పీకేశాను. తాగడానికి బకెట్‌తో నీళ్లు పెడితే రెండు మునిగి చచ్చాయి. లోతులేని పళ్లెంలో గులకరాళ్లు వేసి పెట్టాలని ఆ తర్వాత తెలిసింది. ఇక పురుగులమందు సంగతి: పూలు విచ్చి, ఈగలు పనిలో ఉండే పొద్దుటి పది గంటలకే కొట్టేవాణ్ని. నాకు అప్పుడే తీరిక మరి! నేలలో గూడు కట్టుకునే ఒంటరి ఈగలూ చాలా ఉన్నాయట. వాటి కోసం మిగిలిన మట్టినంతా పలకరాళ్లతో శుభ్రంగా కప్పేశాను.

మిమ్మల్ని కడిగి బోర్లించే ముందు ఈ నాలుగు మాటలూ చెప్పాలనిపించింది.

ఇట్లు,
మీ తయారీదారు

తా.క.: కోయడం మరిచిపోయిన కొత్తిమీర మడి మొత్తం పూతకొచ్చింది. పొద్దున చూస్తే దాని నిండా తేనెటీగలే. బోర్డు దగ్గర మాత్రం ఒక్కటీ లేదు.