ముందు మాక్ టెస్ట్, తర్వాతే కోచింగ్ మాట

ఎంబీఏ సీటు కోసం రాసే పరీక్ష జీమ్యాట్ రాద్దామనుకుంటున్నానని మనవాళ్లలో ఎవరైనా అంటే చాలు, ఎదుటివాళ్లు మొదట అడిగేది "ఏ కోచింగ్?" అనే. ఇంటర్‌కి రెసిడెన్షియల్ కాలేజీ, ఎంసెట్‌కి షార్ట్ టర్మ్, జావాకి అమీర్‌పేట. ఏది నేర్చుకోవాలన్నా ముందు ఫీజు కట్టడం అలవాటైపోయింది. డాలస్ వచ్చినా, న్యూజెర్సీ వచ్చినా ఆ అలవాటు పోలేదు. ఉద్యోగం చేసుకుంటూ పార్ట్‌టైమ్ ఎంబీఏ చేద్దామనుకునేవాళ్లు కూడా ముందు కోర్సు కొనేసి, పరీక్షలో ఏముందో తర్వాత చూసుకుంటున్నారు. నా లెక్కలో ఇది తిరగేసిన వరస.

అసలు పరీక్షే మారిపోయింది. 2023 నవంబర్‌లో కొత్త జీమ్యాట్ వచ్చింది, 2024 ఫిబ్రవరి నుంచి ఇక అదొక్కటే. క్వాంట్ (లెక్కలు), వెర్బల్ (ఇంగ్లీషులో చదివి తర్కించడం), డేటా ఇన్‌సైట్స్ (పట్టికలు, గ్రాఫుల సమాచారం) అని మూడు సెక్షన్లు, ఒక్కోదానికి 45 నిమిషాలు, మొత్తం 64 ప్రశ్నలు. వ్యాసం తీసేశారు, గ్రామర్ దిద్దే ప్రశ్నలు తీసేశారు, జామెట్రీ కూడా లేదు. స్కోరు 205 నుంచి 805 దాకా. పాత పరీక్షలో 700 స్కోరు ఇప్పుడు దాదాపు 645కి సమానం. కాబట్టి బావగారు ఎప్పుడో దాచి ఉంచి ప్రేమగా ఇచ్చిన పాత పుస్తకాల సంచీని మొహమాటపడకుండా పక్కన పెట్టేయండి. ఇంకోమాట, మీరు చూస్తున్న ప్రోగ్రామ్‌కి టెస్ట్ అవసరమో లేదో ముందు కనుక్కోండి. అనుభవం ఉన్నవాళ్లకి మినహాయింపు ఇచ్చేవి చాలానే ఉన్నాయి.

పరీక్ష పెట్టే సంస్థ వెబ్‌సైట్‌లో రెండు పూర్తి మాక్ టెస్టులు ఉచితం. ఏమీ చదవకుండానే ఓ శనివారం పొద్దున ఒకటి రాసేయండి. రెండుంబావు గంటల పని. రెండోది దాచుకోండి. ఆ తర్వాత ఆ సంస్థే వేసే ప్రశ్నల పుస్తకం, అఫీషియల్ గైడ్ ఒకటి, తప్పులు రాసుకోవడానికి నోట్‌బుక్ ఒకటి. ఓ నెలన్నర పాటు ఇంతకన్నా ఏమీ కొనక్కర్లేదు.

ఆ నోట్‌బుక్ గురించి కాస్త చెప్పాలి. క్వాంట్‌లో మనవాళ్లకి పెద్ద ఇబ్బంది ఉండదు. డేటా ఇన్‌సైట్స్‌లో మాత్రం, ఇచ్చిన సమాచారం జవాబుకి సరిపోతుందా లేదా అని అడిగితే, ఎంసెట్ అలవాటు కొద్దీ చివరి అంకె దాకా లెక్క చేసేసి టైమ్ తగలేస్తారు. అసలు దెబ్బ వెర్బల్‌లో. ఇలాంటి ప్రశ్న చూడండి: ఒక ఊళ్లో బస్సు చార్జీలు తగ్గించారు. ఏడాది తిరిగేసరికి డౌన్‌టౌన్‌లో ట్రాఫిక్ తగ్గింది. చార్జీలు తగ్గించడం వల్లే ఇది జరిగిందని మేయర్ అంటాడు. ఈ వాదనను బలహీనపరిచేది ఏది? "అక్కడి బస్సులు టైముకి రావు" అన్నది ఒక ఆప్షన్. "అదే ఏడాది డౌన్‌టౌన్‌లోని అతిపెద్ద కంపెనీ ఉద్యోగులందరినీ ఇంటి నుంచే పని చేసుకోమంది" అన్నది ఇంకోటి. జవాబు రెండోదే, ట్రాఫిక్ తగ్గడానికి వేరే కారణం చూపిస్తోంది కాబట్టి. కానీ బస్సు కోసం ఎండలో నిలబడి విసిగిపోయినవాడి వేలు మొదటిదాని మీదకే పోతుంది. తనకు తెలిసింది తెచ్చి ప్రశ్నలో కలిపేస్తాడు.

నోట్‌బుక్‌లో రాయాల్సింది సరైన జవాబు కాదు, తప్పు ఆప్షన్ ఎందుకు నచ్చిందో రాయాలి. వీడియో క్లాసులో మాస్టారు ఇదే ప్రశ్న విడమరిచి చెబుతుంటే అంతా అర్థమైనట్టే ఉంటుంది, తల ఊపుతాం. మన వేలు ఎటు పోయిందో ఆయనకెలా తెలుస్తుంది?

అలాగని కోర్సులన్నీ దండగ అనను. ఇద్దరు చిన్నపిల్లలు, పైన ఆన్‌కాల్ డ్యూటీ ఉన్నవాళ్లకి మంగళవారం రాత్రి ఎనిమిదికి క్లాసు ఉందంటే ఆ రెండు గంటలు ఇంట్లో ఎవరూ కదిలించరు. ఆ రక్షణ కోసం డబ్బు కట్టడం తప్పు కాదు. నెలన్నర తర్వాత నోట్‌బుక్‌లో ఒకే రకం తప్పు పదేపదే కనిపిస్తుంటే, ఆ ఒక్కదానికి ట్యూటర్‌తో నాలుగైదు గంటలు కూర్చోవడం ఇంకా మేలు. లైవ్ కోర్సులు వెయ్యి డాలర్లు దాటడం మామూలే. స్కోరు గ్యారంటీ అన్నచోట షరతులు చదవండి, ఒక్క హోంవర్క్ ఎగ్గొట్టినా గ్యారంటీ పోయేవి ఉంటాయి.

సొంతంగా చదివి రాసి స్కోరు రాకపోతే? 16 రోజులు ఆగి మళ్లీ రాయొచ్చు. స్కోరు చూసుకున్నాకే ఏ స్కూలుకి పంపాలో మీరు నిర్ణయించుకుంటారు. పంపని స్కోరు స్కూళ్లకి కనిపించదు.

ఒంటరిగా చదవలేమనేవాళ్లకి, మన తెలుగు అసోసియేషన్‌కి కూడా ఒక సూచన. వారాంతం తెలుగు బడి నడిచినంతసేపూ తల్లిదండ్రులు పార్కింగ్‌లో కార్లలో కూర్చుని ఫోన్లు చూసుకుంటూనే ఉంటారు. పక్కన ఒక గది ఖాళీగా ఇస్తే చాలు, మాస్టారు అక్కర్లేదు. నలుగురు కూర్చుని వారానికి పది వెర్బల్ ప్రశ్నల మీద వాదించుకోవచ్చు. వాదించడం మనకెవరూ నేర్పక్కర్లేదు కదా.