నాలుగో ఎలక

తిరుపతి బస్టాండులో చిత్తూరు బస్సు కోసం కూర్చోని బ్రౌజర్లో ఒక రోల్ ప్లేయింగ్ గేమ్, అంటే ఒక పాత్రను పెంచుకుంటా ఆడేది, తెరిచినా. డౌన్‌లోడ్ లేదు, ఫోన్లో జాగా తినదు, పాత ఫోనైనా నడుస్తుంది. మనల్ని పడగొట్టేది అదే కదా! కత్తి పట్టినా, మూడు ఎలకల్ని చంపినా. నాలుగోదాని ముందర నిలబడితే ఎనర్జీ అయిపోయిందంట, 4 గంటలు ఆగాలంట. ఎలకను చంపేదానికి 4 గంటలా? వైకుంఠం కాంప్లెక్సు కంపార్ట్‌మెంట్లో కూర్చోబెట్టినా పాలిస్తారబ్బా! వీళ్లిచ్చేదేంది? వజ్రాలు కొనుక్కోమని ఒక బొమ్మ.

2003లో వచ్చిన కింగ్‌డమ్ ఆఫ్ లోథింగ్ అనే బ్రౌజర్ గేమ్‌లోనూ రోజుకు 40 సాహసాలని లెక్కుంది. పుల్లల బొమ్మలే. అయినా జోకులకు నవ్వుకుంటా లెక్క ముగించొచ్చు. ఈ ఎలకల గేమ్‌లో కథ యాడుంది? నొక్కు, నొక్కు, లెవెల్ పెరిగె, మళ్లీ అదే ఎలక, రంగు మార్చి!

ఇంకోటి. డిగ్రీలో రాత్రిళ్లు మేలుకోని ఇట్లాంటిదే ఇంకో గేమ్‌లో పెంచిన నా మాంత్రికుడు యాడ? బ్రౌజర్లో అట్లాంటి గేమ్‌లను నడిపించే ఫ్లాష్ ప్లేయర్‌కు 2020 డిసెంబర్ 31తో సపోర్ట్ ఆగిపాయె, ఆ గేమూ దాంతోనే పాయె. దాచుకునేదానికి మన దగ్గర ఏముంది, పాస్‌వర్డ్ తప్ప?

బస్సొచ్చె. చంద్రగిరి దాటినాక మళ్లీ తెరిస్తే సిగ్నల్ లేదు. పేజీ తిరగతానే ఉంది.