హారన్ కొడితేనే వెలుగు

కొండరాళ్ల మీదికి జీపు ఎక్కించడాన్ని అమెరికాలో ఒక ఆటగా ఆడతారు. కాలిఫోర్నియాలోని రూబికాన్ దారిలోనూ, యూటా రాష్ట్రంలోని మోయాబ్ పరిసరాల్లోనూ, మనిషి నడక కన్నా తక్కువ వేగంతో, ఒక్కొక్క చక్రాన్ని ఒక్కొక్క రాయి మీద ఆచితూచి మోపుతూ బండ్లు నడుపుతారు. చీకటి పడ్డాక టైరు ఏ రాయి మీద ఆనిందో, ఛాసిస్‌కూ రాతికీ మధ్య ఎంత సందు మిగిలిందో తెలియదు కనుక, పక్కన నిలబడి దారి చెప్పే మనిషికి కనబడేలా బండి అడుగున చిన్నచిన్న దీపాలు బిగిస్తారు. వాటిని రాక్ లైట్లు అంటారు. ఇంతవరకు అంతా సబబుగానే ఉంది. హన్మకొండలో మా అత్తగారింటి ముందు నిలిచి ఉండే ఒక పాత ఫోర్ బై ఫోర్ జీపుకు ఆ దీపాలు ఎందుకు అవసరమయ్యాయో చెప్పడమే కష్టం.

మా బావమరిదిని అడిగితే కారణం సూటిగానే చెబుతాడు. సెలవు రోజుల్లో అతనితో కలిసి ధర్మసాగర్ వైపు గుట్టల్లోకి వెళ్లే స్నేహితులందరి బండ్ల కిందా వెలుగు ఉంది, అతని బండి కింద లేదు. ఉద్యోగం వెతుక్కునే రోజుల్లో కూడా అంత పట్టుదల చూపని మనిషి, ఎనిమిది దీపాల పెట్టె ఇంటికి వచ్చిన రాత్రి భోజనం మరచి, దానితో వచ్చిన కాగితాన్ని చదువుతూ కూర్చున్నాడు. ఒక్కో దీపం 9 వాట్లు, ఎనిమిదింటికి 72 వాట్లు, 12 వోల్టుల బ్యాటరీ మీద 6 ఆంపియర్లు, కనుక 10 ఆంపియర్ల ఫ్యూజు సరిపోతుందని లెక్క కట్టి నాకు చూపించాడు. లెక్క సరైనదే. పెట్టె మీద ఐపీ 68 అని ఉంది కనుక లోపలికి దుమ్ము చొరబడదనీ, నీటిలో మునిగినా ఏమీ కాదనీ వివరించాడు. అదీ సరైనదే. అతని చదువులో ఎన్నడూ లోపం లేదు; చదివినదానికీ చేతికీ మధ్య తీగ ఎక్కడో తెగి ఉంటుంది.

ములుగు రోడ్డులో బండ్లకు వైరింగు చేసేవాళ్లున్నారు, అక్కడికి తీసుకుపోదామని నేను మర్యాదగా సూచించాను. "వాళ్లు టేపుతోని అంటిస్తరు బావా, రెండు గుంతలు దాటేసరికి ఊడి పడ్తయి. బోల్టు ఏసి బిగియ్యాలె. నాకెర్కే గద" అన్నాడు. ఆదివారం పొద్దున్నే ఇంటి ముందు రోడ్డు వారగా రెండు గోనె సంచులు పరిచి, పానాలు, డ్రిల్లు మిషను, తీగలు చేతికందేలా సర్దుకుని, వెల్లకిలా పడుకుని బండి కిందికి జరిగిపోయాడు.

బండి అడుగు భాగాన్ని అతను అంత దగ్గరగా చూడటం అదే మొదలు. పోయిన వానాకాలపు బురద పొరలు పొరలుగా ఎండి, ఛాసిస్ ఏదో మట్టి ఏదో తెలియకుండా ఉంది. స్క్రూడ్రైవరుతో పొడిస్తే ఆ పెళ్లలు అతని కళ్లలోనే పడేవి. ఎర్తు తీగ బిగించే చోట రంగంతా గీకి, ఇనుము తళతళలాడే దాకా ఎమిరీ కాగితంతో రుద్దితేనే కరెంటు సాఫీగా తిరుగుతుంది. తీగలు సైలెన్సరుకు తగిలితే కాలిపోతాయి, తిరిగే ప్రొపెల్లర్ షాఫ్టుకు తగిలితే చుట్టుకుని తెగిపోతాయి, గుంతల్లో పైకీ కిందికీ ఊగే ఇరుసు పక్కగా వేస్తే లాగుకుపోతాయి. కాబట్టి వాటిని ప్లాస్టిక్ గొట్టంలో దూర్చి, ఛాసిస్ పట్టీ వెంట జానెడు జానెడు దూరంలో క్లిప్పులు వేసుకుంటూ పోవాలి. ఇదంతా అతను ఎంతో శ్రద్ధగా చేశాడనే చెప్పాలి. రెండు చేతులూ పైకెత్తి పని చేసే మనిషికి భుజాలు లాగడం సహజమే కనుక, నాలుగో దీపం అయ్యాక చేతులు ఛాతీ మీద వేసుకుని కళ్లు మూసుకుని కాసేపు విశ్రాంతి తీసుకున్నాడు.

సరిగ్గా అప్పుడే, ఏనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాలు దింపి వస్తున్న ఒక ట్రాలీ ఆటో ఆ వీధిలోకి వచ్చింది. జీపు కింద నుంచి కదలకుండా బయటికి చాచి ఉన్న రెండు కాళ్లు, పక్కన ఒలికిన ఎర్రటి ద్రవం ఆటో డ్రైవరు కంటబడ్డాయి. ఆ ఎరుపు మా అబ్బాయి పారబోసిన రూహఫ్జా అని ఆయనకు తెలిసే అవకాశం లేదు. ఆటోలోంచి ముగ్గురు హమాలీలు దూకి, క్వింటాళ్ల కొద్దీ మిర్చి మోసిన చేతులతో ఆ కాళ్లను పట్టుకుని ఒక్క గుంజు గుంజారు. నిద్రలోంచి ఉలిక్కిపడి లేవబోయిన మా బావమరిది నుదురు ఇరుసు నడుమ ఉండే డిఫరెన్షియల్ గుండుకు ఖంగుమని తగిలింది. అతను పెట్టిన కేక విని వాళ్లు ఆనందంతో "పానం ఉన్నది, పానం ఉన్నది" అని అరుస్తూ ఇంకా గట్టిగా లాగారు. గోనె సంచితో సహా బయటికి వచ్చిన మనిషి నుదుటి మీద నిమ్మకాయంత బొడిప కట్టింది. జరిగింది తెలిశాక ఆ ముగ్గురిలో పెద్దాయన, ప్రమాదమేమీ జరగనందుకు కొంత నిరుత్సాహపడినట్లుగానే, "బండి కింద లైటేందుకు బిడ్డా, బండి కింద ఎవలుంటరు?" అని అడిగి వెళ్లిపోయాడు.

బిగింపు పూర్తయ్యాక వైరింగు మిగిలింది. అసలు కథ ఇక్కడ ఉంది. ఇలాంటి దీపాలకు రిలే అనే చిన్న డబ్బా ఇస్తారు; సన్నని తీగలో వచ్చే కొద్దిపాటి కరెంటుతో దీపాల పెద్ద కరెంటును కలిపే స్విచ్చి అది. దానికి నాలుగు కాళ్లు ఉంటాయి, వాటి మీద 30, 87, 85, 86 అని అంకెలు ఉంటాయి. బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా వచ్చే తీగ 30కి, దీపాలకు వెళ్లేది 87కు, ఎర్తు 85కు పోగా, మిగిలిన 86కు స్విచ్చి మీదుగా ఒక సన్నని తీగ రావాలి. తాళం తిప్పినప్పుడు మాత్రమే కరెంటు వచ్చే ఏదో ఒక తీగ నుంచి దానికి సరఫరా ఇస్తే, బండి ఆపినప్పుడు దీపాలు బ్యాటరీని తాగేయకుండా ఉంటాయి. ఆ తీగ ఏదో కనిపెట్టడానికి టెస్టు ల్యాంపు పట్టుకుని మా బావమరిది బానెట్ కింద తల దూర్చాడు. తాళం తిప్పే బాధ్యతను డ్రైవరు సీట్లో కూర్చోబెట్టిన అల్లుడికి, అనగా మా అబ్బాయికి, అప్పగించాడు.

ఆరేళ్ల పిల్లవాడిని స్టీరింగు ముందు కూర్చోబెడితే వాడి చేయి తాళం మీద ఎందుకుంటుంది? వాడు తాళం ఒకసారి తిప్పి, ఆ తర్వాత రెండు చేతులతోనూ హారన్ నొక్కడం మొదలుపెట్టాడు. మా బావమరిది ఒక తీగకు సూది గుచ్చాడు, బల్బు వెలిగింది. "దొరికింది బావా" అని అరిచి, ఆ మోత భరించలేక "హారన్ ఆపురా అల్లుడూ" అన్నాడు. వాడు ఆపాడు, బల్బు ఆరిపోయింది. "తాళం వదిలేసినవా? సరిగ్గ తిప్పు" అన్నాడు. తిట్టు తిన్నందుకు అలిగిన పిల్లవాడు కసిగా మళ్లీ హారన్ నొక్కాడు, బల్బు మళ్లీ వెలిగింది. ఈ తంతు వీధి వీధంతా కిటికీలు మూసుకునే దాకా సాగింది. చెట్టు కింద కుర్చీ వేసుకుని చిక్కుడుకాయలు తుంచుతున్న మా అత్తగారు తలెత్తకుండానే, "పోరడు పీపీమన్నప్పుడే గా బుగ్గ ఎలుగుతుంది, సూడరాదురా" అన్నారు. విద్యుత్తు గురించి ఆ రోజు ఆ వాకిట్లో పలికిన మాటలన్నింటిలో శాస్త్రీయమైనది అదొక్కటే. ఆవిడ మాట వినిపించుకున్నవాడు లేడు. ఆ తీగకే జోడించి, టేపు చుట్టి, బానెట్ దించేశారు.

సాయంత్రం చీకటి పడ్డాక స్విచ్చి వేస్తే దీపాలు వెలగలేదు. లూజు కాంటాక్టు అయి ఉంటుందని, స్విచ్చి అలాగే ఉంచి, రోడ్డు మీద నాలుగు కుదుపులు తగిలితే అదే సర్దుకుంటుందని బండి తీశాడు. పక్కన నేను కూర్చున్నాను. వీధి మలుపులో ఒక గేదె అడ్డం వస్తే హారన్ కొట్టాడు. బండి కింద నుంచి నీలి వెలుగు భగ్గున లేచి గేదె కాళ్ల దాకా పాకింది. గేదె పక్కకు తప్పుకుంది, వెలుగు ఆరిపోయింది. హన్మకొండ చౌరస్తా చేరేసరికి సంగతి ఇద్దరికీ అర్థమైంది. ఆదివారం సాయంత్రం ఆ చౌరస్తాను హారన్ కొట్టకుండా దాటిన వాహనం ఇంతవరకు పుట్టలేదు. మా జీపు నీలి మెరుపులు మెరుస్తూ సాగుతుంటే, ఆటోలవాళ్లు వెనక్కి తిరిగి చూసి, ఏ అంబులెన్సో పోలీసు బండో అనుకుని దారి ఇచ్చారు. "సూసినవా బావా ఇజ్జత్" అని మా బావమరిది మురిసిపోయాడు. 2017 మే 1 నుంచి మంత్రుల కార్ల మీది ఎర్రబుగ్గలనే తీయించిన దేశంలో, ఈయన తన బండి కింద నీలిబుగ్గలు పెట్టుకుని తిరుగుతున్నాడు.

ఈ ఇజ్జత్ ఒక ఆసుపత్రి ముందు దాకా సాగింది. అక్కడ డ్యూటీలో ఉన్న కానిస్టేబుల్ బండి ఆపి, వంగి కింద చూసి, తయారీదారు ఇచ్చిన దానికి భిన్నంగా మార్పులు చేయడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కిందికి వస్తుందని చెప్పి, ఫొటో తీయడానికి ఫోను బయటికి తీశాడు. కానీ అప్పుడు బండి కింద చీకటి తప్ప మరేమీ లేదు. "లైటెయ్యి" అన్నాడు. హారన్ కొడితే తప్ప వెలగదని మా బావమరిది వినయంగా విన్నవించుకున్నాడు. "అయితే కొట్టు" అనబోయి, కానిస్టేబుల్ తన తల పైన ఉన్న బోర్డు వైపు చూసి ఆగిపోయాడు. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఆసుపత్రి చుట్టూ 100 మీటర్ల లోపు నిశ్శబ్ద మండలం, అక్కడ హారన్ మోగించకూడదు. నేరాన్ని రుజువు చేయాలంటే పోలీసే దగ్గరుండి ఇంకో నేరం చేయించాలి. ఆయన చాలాసేపు ఆలోచించి, బండిని ఆ 100 మీటర్లూ దాటించమన్నాడు. నడిపి దాటిస్తామంటే పారిపోతామేమోనని అనుమానం. అందుకని ఇద్దరం దిగి నెట్టాము. పండ్ల బండివాళ్లు కూడా ఒక చేయి వేశారు. అక్కడ హారన్ కొట్టి, వెలుగు వచ్చాక తీసిన ఫొటోలో దీపాలు కాక, నుదుటి మీద బొడిపతో నిలుచున్న మా బావమరిది ముఖమే స్పష్టంగా పడింది. విసిగిపోయిన కానిస్టేబుల్ బండి వెనక్కి వెళ్లాడు. మొదటి నుంచీ మా బావమరిది గర్వంగా కడగకుండా ఉంచుకున్న ఎర్రమట్టి నంబరు ప్లేటును సగం కప్పి ఉంది. ఫోనుకు వచ్చిన చలానా దాని మీదే.

మర్నాడు తీగ మార్చుకుంటే సరిపోయేది. కానీ ఆ వారాంతం గుట్టల దగ్గర స్నేహితులకు చూపించే ముచ్చట ముందుంది, భుజాల నొప్పి వెనకుంది. "రాళ్ల మీద అవసరమైనప్పుడే హారన్ కొడ్త బావా, కరెంటు కూడా ఆదా" అన్నాడు. శనివారం రాత్రి ఒక పెద్ద బండరాయి ముందు జీపును నిలిపాడు. దారి చెప్పడానికి పక్కన నేను నిలబడ్డాను. నాకు టైరు కనబడాలంటే అతను హారన్ నొక్కాలి, నొక్కితే నా మాట అతనికి వినబడదు. నేను "ఎడమకు" అంటే అతనికి "పీ" అని వినిపించేది. అతను "ఏంది" అని అడగడానికి హారన్ వదిలితే నాకు ఏమీ కనిపించేది కాదు. ఆ విధంగా, ఒకరికి చెవులు లేక, ఒకరికి కళ్లు లేక, ఆ రాయి మీదికి జీపు ముందు చక్రం ఎక్కేసరికి చుట్టుపక్కల గుట్టలన్నీ నీలిగా మెరుస్తూ మారుమోగిపోయాయి.

గుట్ట కింది మక్క చేను లోంచి ఒక టార్చి వెలుగు మా వైపు రావడం మొదలుపెట్టింది. మంచె మీద కావలి పడుకున్న రైతు, చేతిలో కట్టెతో, భుజాన గొంగడితో వచ్చి మా ముందు నిలబడ్డాడు. నిద్ర చెడగొట్టినందుకు తిట్లు తప్పవని నేను ముందుగానే క్షమాపణ మొదలుపెట్టాను. ఆయన నన్ను పట్టించుకోలేదు. వంగి జీపు కింద చూశాడు, లేచి, "ఇంకోపారి కొట్టు" అన్నాడు. మా బావమరిది కొట్టాడు. రైతు చేను వైపు తిరిగి, చెవి ఒగ్గి విన్నాడు. మక్కల నడుమ గలగలమని ఏవో పరుగెత్తిన చప్పుడు, దూరంగా రాళ్లు దొర్లిన చప్పుడు వినిపించాయి.

"నెల రోజుల సంది డబ్బాలు కొడ్తున్న, పటాకులు కాలుస్తున్న, ఒక్క పంది కదుల్తలేదు" అని ఆయన జీపు బానెట్ మీద చేయి వేశాడు. "కంకి గట్టి పడేదాక ఈడనే పెట్టు బిడ్డా. అన్నం మా ఇంట్ల తినుండ్రి."

మా బావమరిది నా వైపు చూశాడు. ఆ దీపాలు కొన్నప్పటి నుంచి వాటిని బాగున్నాయన్న మొదటి మనిషి ఆయనే కనుక, కాదనే ధైర్యం అతనికి లేకపోయింది.