అనుమతి లేనంత మాత్రాన అబద్ధం కాదు

అమెరికన్ గాయకుడు ఫ్రాంక్ సినాట్రా గురించి రచయిత్రి కిటీ కెల్లీ రాసిన జీవితకథను, ఆయన ఒప్పుకోలేదన్న ఒక్క కారణంతో అభిమానులు కొట్టిపారేయడం నాకు నచ్చలేదు. 1983లో, పుస్తకం ఇంకా రాస్తుండగానే, దాన్ని ఆపాలని ఆయన 20 లక్షల డాలర్ల దావా వేశారు. ఏడాది తిరిగేసరికి తానే వెనక్కి తీసుకున్నారు. పుస్తకం 1986లో వచ్చింది. దగ్గర కూర్చుని రాయించుకుని ఉంటే, వాళ్లమ్మ డాలీ చట్టవిరుద్ధంగా అబార్షన్లు చేసి అరెస్టయిన సంగతి అందులో ఉండనిచ్చేవారా? నాకు నమ్మకం లేదు.

నా బాధ వేరే. పుస్తకంలో గొడవలకిచ్చినంత చోటు పాటకు ఇవ్వలేదు. బ్యాండ్ నాయకుడు టామీ డోర్సీ ట్రాంబోన్ అనే ఊదే వాయిద్యం వాయించేటప్పుడు ఊపిరి ఎలా తీసుకుంటున్నాడో గమనించి, సినాట్రా పాటలో చరణం తెగకుండా పాడటం నేర్చుకున్నారు. నాకు అలా పాట నేర్చుకున్న సినాట్రా గురించి ఇంకా చదవాలని ఉంది.